యార్క్‌టౌన్ యుద్ధభూమి రివ్యూ: పారలూ ఓడలూ కలిసి గెలిపించిన యుద్ధం

అందరికీ నమస్కారం. ఈరోజు వర్జీనియాలోని యార్క్‌టౌన్ యుద్ధభూమి గురించి మాట్లాడుకుందాం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1781 అక్టోబరు 19న బ్రిటిష్ జనరల్ కార్న్‌వాలిస్ సైన్యం ఆయుధాలు కింద పెట్టింది ఇక్కడే. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చినప్పుడు ఇద్దరం వెళ్లాం, రోజంతా ఉన్నాం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. కారు దిగగానే కనిపించేది పచ్చగడ్డి, మట్టిగట్లు, కొన్ని ఫిరంగులు. అంతే. కథ తెలియకుండా వెళితే పావుగంటలో బోర్ కొడుతుంది. అందుకే ముందు విజిటర్ సెంటర్‌కి వెళ్లండి. అమెరికన్ సైన్యాధిపతి జార్జ్ వాషింగ్టన్ యుద్ధంలో వాడిన గుడారం అక్కడ ఉంది. ఆ పాత నార బట్ట ముందు కాసేపు నిలబడ్డాక బయటికి వస్తే, అదే గడ్డి వేరేగా కనిపిస్తుంది.

స్కూల్లో మనకు చెప్పింది ఏమిటి? బోస్టన్ రేవులో ఈస్టిండియా కంపెనీ టీ పెట్టెలు నీళ్లలో పారబోశారు, 1776 జూలై 4న ప్రకటన చేశారు, స్వాతంత్ర్యం వచ్చేసింది. కానీ ఆ ప్రకటన తర్వాత ఇక్కడిదాకా రావడానికే ఐదేళ్లు దాటింది. మధ్యలో న్యూయార్క్ పోయింది, ఫిలడెల్ఫియా పోయింది, 1780లో చార్లెస్టన్ పోయింది. ఇన్ని ఓటముల్లోనూ సైన్యం చెదిరిపోకుండా కాపాడుకోవడమే వాషింగ్టన్ చేసిన గొప్ప పని. 1777 అక్టోబరులో సరటోగా దగ్గర ఒక బ్రిటిష్ సైన్యం మొత్తం లొంగిపోయాక ఫ్రాన్స్‌కి నమ్మకం కుదిరింది, 1778 ఫిబ్రవరిలో అమెరికాతో ఒప్పందం చేసుకుంది. నా దృష్టిలో యుద్ధం మలుపు తిరిగింది అక్కడే.

ఇక యార్క్‌టౌన్ సంగతి. నది ఒడ్డున నిలబడి చూస్తే కార్న్‌వాలిస్ ధైర్యం ఏమిటో అర్థమవుతుంది. సముద్రం మనదే, అవసరమైతే మన ఓడలు వచ్చి తీసుకుపోతాయి అనుకున్నాడు. ఆ ఓడలే రాలేదు. సెప్టెంబరు 5న చీసపీక్ అఖాతం ముఖద్వారం దగ్గర ఫ్రెంచి అడ్మిరల్ ద గ్రాస్ బ్రిటిష్ నౌకాదళాన్ని అడ్డుకున్నాడు. అమెరికా భవిష్యత్తు తేల్చిన ఆ పోరులో ఒక్క అమెరికన్ ఓడ కూడా లేదు! అదే సమయంలో వాషింగ్టన్, ఫ్రెంచి జనరల్ రోషాంబో న్యూయార్క్ వైపు నుంచి సైన్యాలను ఇక్కడికి నడిపించుకొచ్చారు. దారిలో జీతాలు లేవని అమెరికన్ సైనికులు గొడవపడితే, రోషాంబో దగ్గర అప్పు తెచ్చి నాణేలు చేతిలో పెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన చోటు: ముట్టడి కందకాలు. ఇప్పుడున్నవి తర్వాత తిరిగి కట్టినవి, కానీ చోటు అదే. అక్టోబరు 6 రాత్రి, వానలో, సుమారు 1500 మంది అమెరికన్, ఫ్రెంచి సైనికులు పారలు పట్టుకుని తవ్వడం మొదలుపెట్టారు. తవ్విన మట్టిని అడుగు లేని అల్లిక బుట్టల్లో నింపి అడ్డుగోడలా నిలబెట్టారు. ఆ బుట్ట చిత్రం ఫోన్లో చూపిస్తే మా నాన్న, "అరె, ఇది మన గాదెలాగే ఉందిరా" అన్నారు. ఆయన జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. గట్టు మీద నుంచి కందకంలోకి చూస్తూ, "తడి మట్టి రెండింతలు బరువుంటుంది. చప్పుడు కాకుండా రాత్రికి రాత్రి ఇంత తవ్వారంటే మామూలు పని కాదు" అన్నారు. నేను చదివిన ఏ పుస్తకమూ నాకు ఆ బరువు చెప్పలేదు.

బ్రిటిష్‌వాళ్ల 9, 10 నంబర్ల మట్టికోటలు తప్పక చూడండి. అక్టోబరు 14 రాత్రి ఒకదాన్ని ఫ్రెంచివాళ్లు, రెండోదాన్ని అమెరికన్ అధికారి అలెగ్జాండర్ హామిల్టన్ మనుషులు పట్టుకున్నారు. పొరపాటున కూడా పేలకూడదని హామిల్టన్ వాళ్లు తుపాకుల్లో గుండు లేకుండా, బాయినెట్లతోనే వెళ్లారు. 16 రాత్రి కార్న్‌వాలిస్ నది దాటి తప్పించుకోబోతే తుఫాను పడవలను చెదరగొట్టింది. మర్నాడు ఉదయం ఒక డప్పు కుర్రాడు గట్టెక్కి డప్పు కొట్టాడు, మాట్లాడుకుందాం అని.

నా మనసు కలుక్కుమన్న విషయం ఒకటి ఉంది. స్వేచ్ఛ దొరుకుతుందని బ్రిటిష్ వైపు పారిపోయి వచ్చిన నల్లజాతి బానిసలను, తిండి తగ్గి మశూచి పెరిగేసరికి కార్న్‌వాలిస్ సైన్యం బయటికి గెంటేసింది. గెలిచినవాళ్లు వాళ్లను వెతికి పట్టుకుని యజమానులకు అప్పగించే ఏర్పాటు చేశారు. అమెరికన్ల వైపు పోరాడిన ఫ్రెంచి జనరల్ లఫయెత్ కోసం ప్రాణాలకు తెగించి గూఢచారిగా పనిచేసిన జేమ్స్ అనే బానిసకు విముక్తి దొరికింది 1787లో. స్వాతంత్ర్యం గురించి చెప్పే చోట వీళ్ల కథ అన్నిటికంటే ముందు వినిపించాలని నా కోరిక.

టూర్ రోడ్డు మీద ఎర్ర బాణాలు యుద్ధభూమి చూపిస్తాయి, పసుపు బాణాలు శిబిరాల వైపు తీసుకెళ్తాయి. ఓపిక ఉంటే పసుపు దారిలోనూ వెళ్లండి. పేరు తెలియని ఫ్రెంచి సైనికుల సమాధుల దగ్గర ఒక తెల్ల శిలువ ఉంటుంది, జనం తక్కువ. ఊళ్లో ఉన్న అమెరికన్ రెవల్యూషన్ మ్యూజియంకి టికెట్ వేరు, దానికి ఇంకో పూట పెట్టుకోండి.

చివరగా లొంగుబాటు మైదానం. కార్న్‌వాలిస్ ఒంట్లో బాగాలేదని చెప్పి రాలేదు, కత్తి అప్పగించడానికి తన కింద ఉన్న ఓహారాను పంపాడు. బోర్డు చదివి చెబుతుంటే నాన్న ఆపారు. "ఈ కార్న్‌వాలిస్, మన కార్న్‌వాలిస్ ఒకడేనా?"

ఒకడే. 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1792లో నిజాం, మరాఠాల సైన్యాలను కలుపుకుని శ్రీరంగపట్నంలో టిప్పును లొంగదీసి, ఇద్దరు కొడుకులను తాకట్టు పట్టాడు. 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు తెచ్చాడు, అంటే రైతుల దగ్గర శిస్తు వసూలు చేసే హక్కు జమీందార్లకిచ్చి, వాళ్లు సర్కారుకు కట్టాల్సింది శాశ్వతంగా ఖాయం చేశాడు. 1802 నుంచి అదే పద్ధతి మన శ్రీకాకుళం ఉన్న ఉత్తర సర్కార్లకూ వచ్చింది. నాన్న చాలాసేపు ఆ మైదానం వైపే చూస్తూ నిలబడ్డారు. తర్వాత అన్నారు, "మా తాత శిస్తు కట్టింది జమీందారుకేరా."