గృహ వ్యయ సర్వే, స్థూల ఆర్థిక నమూనా: ఒంగోలు ప్రసంగ పాఠం

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

వేలంలో పొగాకుకు మంచి ధర పలికిన ఏడాది కొండపి రైతుకు అదనంగా చేతికొచ్చిన సొమ్ములో ఎంత పాత బాకీకి పోతుంది, అదే పొలంలో కూలికి వెళ్ళిన కుటుంబానికి దక్కిన అదనపు రూపాయిలో ఎంత కిరాణా కొట్టుకు చేరుతుంది అన్న ప్రశ్నలకు ఒకే జవాబు ఉండదు. ఆర్థిక వ్యవస్థ మొత్తం ఎలా నడుస్తుందో సమీకరణాల్లో చూపే స్థూల ఆర్థిక నమూనాలు చాలాకాలం దేశమంతటినీ ఒకే ప్రతినిధి కుటుంబంగా ఊహించుకుని ఈ తేడాను పక్కన పెట్టాయి. ఆర్థికవేత్తలు కప్లాన్, మోల్, వయొలాంటే 2018లో ప్రచురించిన నమూనాలో మాత్రం వడ్డీ రేటు తగ్గినప్పుడు వినియోగం పెరగడానికి ప్రధాన కారణం నేరుగా ఆ వడ్డీ కాదు, దానివల్ల ఉపాధి, ఆదాయం పెరగడమే. చేతిలో నగదు నిల్వ లేని కుటుంబాలు ఎన్ని ఉన్నాయన్నది అక్కడ కీలకం.

మన దగ్గర ఇందుకు ఆధారం, ఎంపిక చేసిన ఇళ్ళకు వెళ్ళి ఖర్చుల వివరాలు అడిగే జాతీయ నమూనా సర్వే వారి గృహ వ్యయ సర్వే. 2022-23లో తలసరి నెలవారీ వ్యయం గ్రామాల్లో 3,773 రూపాయలు, పట్టణాల్లో 6,459 రూపాయలు. గ్రామీణ వ్యయంలో ఆహారం వాటా 2011-12లో దాదాపు 53 శాతం ఉండగా ఈసారి 46 శాతానికి తగ్గింది. అయితే ఈసారి ప్రశ్నావళిని మూడుగా విడగొట్టి వేర్వేరు నెలల్లో అడిగారు కాబట్టి, ఆ మార్పు అంతా జీవన విధానానిదేనని తీర్మానించడం తొందరపాటు.

అంతకన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. ఈ సర్వే ఆదాయాన్ని నమోదు చేయదు, ఏటా అవే ఇళ్ళకు తిరిగి వెళ్ళదు. అందువల్ల అదనపు ఆదాయంలో ఖర్చయ్యే భాగాన్ని దీని నుంచి నేరుగా రాబట్టలేం; ఆ పని చేశామని చెప్పే పట్టికలను నేను అనుమానంగానే చూస్తాను.

పైగా సర్వే చూపే మొత్తం వినియోగం దేశం మొత్తం ఉత్పత్తిని, ఆదాయాన్ని, వినియోగాన్ని ప్రభుత్వం లెక్కగట్టే జాతీయ ఖాతాల అంకె కన్నా బాగా తక్కువ. సొంత ఇంట్లో ఉండేవారు కట్టకపోయినా కట్టినట్టు లెక్కగట్టే అద్దె వంటివి ఖాతాల్లో చేరడం ఒక కారణం, సంపన్నుల ఖర్చు సర్వేకు సరిగా చిక్కకపోవడం మరొకటి. ఈ తేడాను పూడ్చడానికి ప్రతి ఇంటి ఖర్చునూ ఒకే నిష్పత్తిలో పెంచితే, కూలి కుటుంబం ఎన్నడూ పెట్టని ఖర్చు దాని ఖాతాలో పడుతుంది. కనుక మొత్తాలను జాతీయ ఖాతాల నుంచి తీసుకుని, సరుకుల వాటాలకూ కుటుంబాల మధ్య అంతరాలకూ సర్వేను వాడుకుని, పై వర్గం వ్యయాన్ని విడిగా సవరించడమే మేలని నా అభిప్రాయం.