ఉప్పు, చింతపండు, సింగింగ్ బౌల్

సభకు నమస్కారం.

ఈ బల్ల మీద రెండు గిన్నెలు పెట్టాను. ఎడమ వైపుది నేపాల్‌లో సుత్తితో కొట్టి చేసిన కంచు గిన్నె. కుడి వైపుది అచ్చులో పోసిన ఇత్తడి గిన్నె. అంచు వెంట కర్ర తిప్పితే రెండూ మోగుతాయి. అంగట్లో రెంటినీ సింగింగ్ బౌల్ అనే ఒక్క పేరుతోనే అమ్ముతారు. ఈ మధ్య శ్రీకాకుళంలోనూ, ఇక్కడ విజయనగరంలోనూ యోగా నేర్పేవాళ్లు, ధ్యానం చేసుకునేవాళ్లు వీటిని బాగానే కొంటున్నారు. మొదటి వానాకాలం గడిచేసరికి అందరిదీ ఒకటే ప్రశ్న: “గిన్నె నల్లబడిపోతోందండీ, దేనితో తోమాలి?”

తోమకండి. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా చాలావరకు ఆ ఒక్క మాటకు వివరణే.

మన ఇళ్లలో పండుగ వస్తోందంటే ఇత్తడి సామాను పెరట్లోకి దిగుతుంది. కుందులు, చెంబులు, హారతి పళ్లెం, పూజ గంట. చింతపండు నానబెట్టి, అందులో గుప్పెడు ఉప్పు వేసి, కొబ్బరి పీచుతో రుద్ది, కడిగి ఎండలో బోర్లిస్తే తళతళలాడతాయి. తరతరాలుగా వస్తున్న పని, దాన్ని తప్పు పట్టడానికి నేను రాలేదు. కుంది కాస్త అరిగినా దీపం వెలుగుతుంది. ఈ గిన్నెను మాత్రం మోగుతుందని కొన్నాం. దీని మెరుపు పోయిందని దిగులుపడి దీని నాదానికి ఎసరు పెట్టుకుంటున్నాం.

ఇంతకీ ఆ నలుపు ఏమిటి? గాలిలోని ఆమ్లజని రాగితో కలిసి పైన సన్నని పొర కడుతుంది. ముందు తేనె రంగు, తర్వాత గోధుమ రంగు, ఆ పైన నలుపు. పొర కింద లోహం భద్రంగానే ఉంటుంది. తోమినప్పుడల్లా ఆ పొరతో పాటు పిసరంత లోహమూ పోతుంది. కింద బయటపడ్డ కొత్త లోహం మర్నాటి నుంచే మళ్లీ రంగు మారడం మొదలుపెడుతుంది. అంటే తోమినకొద్దీ తోమాల్సి వస్తుంది. శబ్దానికి ఈ నలుపు వల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. పాత గిన్నెలు సేకరించేవాళ్లయితే ఆ రంగుకే ఎక్కువ ధర పెడతారు.

చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం ఉంటాయి. నల్లని పొరను కరిగించేవి అవే. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. పులుపులో ఎక్కువసేపు ఉంచితే జింకు ముందుగా జారిపోతుంది. పైన రాగి మిగిలి గులాబీ రంగు మచ్చలు తేలతాయి. ఆ మచ్చలు చూసి ఇంకా శుభ్రం కాలేదనుకుని మరో విడత చింతపండు పెట్టేవాళ్లున్నారు. మరీ జిడ్డు మరకలు పడిన ఇత్తడి గిన్నెకు పలచని చింతపండు రసం ఒక నిమిషం రాసి, వెంటనే మంచినీళ్లతో బాగా కడిగి, పొడి గుడ్డతో తుడిస్తే ప్రాణం మీదకేమీ రాదు. ఏడాదికి ఒకసారి చాలు. కంచు గిన్నెకు అదీ అక్కర్లేదు.

ఉప్పు దగ్గర మాత్రం నేను రాజీపడను. ఉప్పులోని క్లోరైడు కంచు మీది సూక్ష్మ రంధ్రాల్లోకి చేరితే కడిగినా పూర్తిగా రాదు. రాగితో కలిసి కాపర్ క్లోరైడుగా మారి లోపల కూర్చుంటుంది. దానికి గాలి, తేమ తగిలితే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం పక్కనున్న రాగిని తింటుంది, మళ్లీ క్లోరైడు తయారవుతుంది. కథ మొదటికి వస్తుంది. ఎవరో ఒకరు ఆపేదాకా ఇది సాగుతూనే ఉంటుంది. పాత కంచు విగ్రహాలను కాపాడే మ్యూజియం నిపుణులు దీన్ని కంచుకు పట్టిన రోగంగానే చూస్తారు.

ఈ కంచు గిన్నెను కొంచెం వంచి చూపిస్తాను. అడుగున, చిటికెన వేలి గోరంత మచ్చ ఉంది చూడండి. కళింగపట్నం దగ్గర సముద్రం వైపు తెరుచుకునే కిటికీలో కొన్నేళ్లు ఉన్న గిన్నె ఇది. మచ్చ చుట్టూ ఉన్నది ముదురాకుపచ్చ చిలుము, నున్నగా, గట్టిగా ఉంది. గోటితో గీరినా రాదు. దానితో భయం లేదు. మధ్యలో లేతాకుపచ్చగా, సున్నపు పొడిలా ఉన్నది చూడండి. పంటిపుల్లతో తాకితే రాలుతోంది. పొడి రాలిన చోట చిన్న గుంట. తుడిచేసినా కొన్నాళ్లకు మళ్లీ అదే చోట పొడి లేచిందంటే ఇక సందేహం అక్కర్లేదు.

అప్పుడు చేయాల్సిన పని ఇది. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆ పొడిని మెత్తని బ్రష్షుతో దులపాలి. ఇనుప పీచు వద్దు. తర్వాత బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెను నానబెట్టి, ఆ నీటిని రోజూ మారుస్తూ కొన్నాళ్లు ఉంచాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు పనికిరావు. మన తీరంలో చాలా బోర్లలో ఉప్పు ఉండనే ఉంటుంది. నీళ్లలోంచి తీశాక తుడిచి, వెచ్చని గాలి తగిలేలా పూర్తిగా ఆరబెట్టాలి. అప్పటి నుంచి ఆ గిన్నెకు తేమే శత్రువు. మ్యూజియాల్లో ఇలాంటి వస్తువులను గాలిలో తేమ సుమారు 40 శాతం మించని పెట్టెల్లో ఉంచుతారు. బారువ నుంచి చింతపల్లి దాకా మన తీరంలో అంత పొడి గాలి దొరకదు. కాబట్టి మూత గట్టిగా పట్టే డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు, అంతే మన మ్యూజియం.

ఇన్ని తెలిసీ కొందరు గిన్నెలోని చెడు శక్తి పోవాలంటే రాత్రంతా రాళ్లుప్పులో పాతిపెట్టమని చెబుతారు. శక్తి సంగతి ఎవరి విశ్వాసం వారిది, నేను జోక్యం చేసుకోను. ఉప్పు సంగతి రసాయన శాస్త్రానిది. వెన్నెల్లో పెట్టుకోండి, సాంబ్రాణి పొగ పట్టండి, నాకు అభ్యంతరం లేదు. వెన్నెల్లో పెట్టినా మంచు పడకముందే లోపలికి తెచ్చుకోండి.

సీసాల్లో దొరికే పాలిష్ ద్రవాల గురించి కూడా అడుగుతుంటారు. చాలావాటిలో సన్నని రాపిడి పొడి ఉంటుంది. అది గిన్నె మీద చెక్కిన గీతలను, సుత్తి ఆనవాళ్లను నెమ్మదిగా చెరిపేస్తుంది. కొన్నిటిలో అమ్మోనియా ఉంటుంది. అమ్మోనియాకు ఇత్తడితో పాత పగ. బ్రిటిష్ సైన్యం మన దేశంలో గుర్రపుసాలల్లో నిల్వ చేసిన ఇత్తడి తూటాల గొట్టాలు వానాకాలం వచ్చేసరికి వాటంతట అవే నెర్రెలు విచ్చేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గొట్టాలను సాగదీసేటప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, గాలిలో తేమ, ఈ మూడూ కలిసి చేసిన పని అది. ఆ సంగతి 1921లో గానీ సరిగ్గా తేలలేదు. సాగగొట్టి చేసిన ఇత్తడి గిన్నెలోనూ అలాంటి బిగువే ఉంటుంది.

మరి రోజువారీ ఏం చేయాలి? మెత్తని నూలు గుడ్డతో తుడవాలి. వాయించాక తప్పకుండా తుడవాలి, ఎందుకంటే చేతి చెమటలో కూడా ఉప్పే ఉంది. వేలిముద్రలు అలాగే వదిలేస్తే కొన్నాళ్లకు లోహం మీద అచ్చు పడిపోతాయి. మురికి పట్టిందనిపిస్తే గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల సబ్బు, వెంటనే పొడి గుడ్డ. తడి గిన్నెను గాలికి ఆరనివ్వడం మంచిది కాదు, నీటిచుక్క ఆరిన చోట మచ్చ మిగులుతుంది.

ఇత్తడి మెరుపు నిలవాలని కొబ్బరినూనె రాసే అలవాటు కూడా మనకుంది. గిన్నె అంచుకు నూనె తగిలితే ఇక అది పాడదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊళ్లో ఇది వివరించడం తేలిక. కమానుకు రోజిన్ అనే జిగట పదార్థం ఎందుకు రాస్తారు? తీగను పట్టి, వదిలి, మళ్లీ పట్టడానికి. ఈ కర్ర కూడా అంచును అలాగే పట్టి వదులుతూ తిరుగుతుంది. ఆ పట్టూ విడుపులతో అంచు క్షణానికి కొన్ని వందల సార్లు కోడిగుడ్డు ఆకారంలోకి సాగి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి ఊగుతుంది. నూనె ఉంటే కర్ర జారిపోతుంది, పట్టు దొరకదు. “ఈ మధ్య మోగడం లేదండీ” అని తెచ్చే గిన్నెల్లో చాలావాటికి జబ్బు ఇదే. అంచును, కర్రను సబ్బునీటి గుడ్డతో తుడిచి ఆరబెడితే మళ్లీ గొంతు వస్తుంది. తోలు చుట్టిన కర్రయితే నీళ్లు తగలనివ్వకండి. తడిసిన తోలుకు వానాకాలంలో బూజు పడుతుంది. ఉత్త కర్ర నున్నబడిపోతే సన్నని గరుకు కాగితంతో ఒకసారి తేలిగ్గా రుద్దితే చాలు.

ఇప్పుడు వినండి. మోగిస్తున్నాను.

విన్నారుగా, నాదం ఒక్క తీరుగా లేదు, అలలా పెరిగి తగ్గుతోంది. సుత్తితో కొట్టిన గిన్నె మందం అన్ని వైపులా ఒకేలా ఉండదు. అందువల్ల దాదాపు సమానమైన రెండు స్వరాలు ఒకేసారి పుట్టి, ఒకదాన్నొకటి పెంచుతూ, తుంచుతూ ఉంటాయి. ఈ గిన్నె అందం ఆ వంకరలోనే ఉంది. అంచు సమంగా లేదని ఆకురాయితో సరిచేయించుకున్న గిన్నెలు చూశాను. వాటి గురించి మాట్లాడాలంటే బాధగా ఉంటుంది.

ఇందులో నీళ్లు పోసి వాయిస్తే చుక్కలు ఎగిరి నీటి మీదే కాసేపు దొర్లుతాయి. 2011లో బెల్జియం, అమెరికా శాస్త్రవేత్తలు దీన్ని వేగంగా తీసే కెమెరాలతో పరిశీలించి పత్రం ప్రచురించారు. పిల్లలకు చూపించండి, బాగుంటుంది. చూపించాక నీళ్లు పారబోసి తుడవండి. ఆ నీళ్లు తాగకండి. గిన్నెలో ఏ లోహాలు కలిశాయో మనకు తెలియదు, సీసం ఉన్నా కంటికి కనబడదు.

లోహాల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. వీటిని సప్తలోహాలతో చేస్తారని, బంగారం, వెండి, పాదరసం కూడా కలుపుతారని అమ్మేవాళ్లు చెబుతారు. తోమితే బంగారం పోతుందేమోనని భయపడేవాళ్లు కూడా ఉన్నారు. రాగి కరగాలంటే 1084 డిగ్రీల వేడి కావాలి. పాదరసం 357 డిగ్రీలకే మరిగిపోతుంది. ఆ మూసలో అది నిలిచేదెలా? మంచి కంచు గిన్నెలో ఉండేవి ప్రధానంగా రాగి, తగరం. పాళ్లు సుమారు 78, 22. తోమవద్దని నేను చెప్పేది బంగారం కోసం కాదు.

శాలిహుండం బౌద్ధ భిక్షువులు కూడా వీటిని వాయించేవారా అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. శాలిహుండం గొప్ప చోటే, వంశధార ఒడ్డున ఆ కొండ ఎక్కని వాళ్లుంటే ఈ ఆదివారమే వెళ్లండి. కానీ వాయించారనడానికి ఆధారం లేని మాట నేను చెప్పలేను. కంచు పని మాత్రం మనకు పొరుగునే ఉంది. సారవకోట మండలం బుడితిలో కంచు, ఇత్తడి పాత్రల పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. గిన్నె కంచుదో ఇత్తడిదో తేల్చుకోలేకపోతే, ఇంటర్నెట్లో వెతికేకన్నా అలాంటి పనివాళ్లకు చూపించడం నయం. గోటితో మీటి చెప్పేస్తారు.

తగరం అంత ఎక్కువగా ఉన్న కంచు బాగా మోగుతుంది, అంతే సులువుగా పగులుతుంది. ఎర్రగా కాల్చి, వేడి మీదే కొట్టి, చివరికి నీళ్లలో ముంచితేనే దానికి కాస్త ఓర్పు వస్తుంది. మరకలు కాలిపోతాయని స్టవ్ మీద పెట్టే ప్రయోగాలు అందుకే వద్దు. చెంచాతో కొట్టవద్దు. గచ్చు నేల మీద మూరెడు ఎత్తు నుంచి పడినా చాలు, కంటికి కనబడని నెర్రె పడి ఓటిమోత వస్తుంది. కుండల సంతలో పెద్దవాళ్లు వేలితో కొట్టి విని కొన్నట్టే, గిన్నె పడిపోతే వెంటనే మోగించి వినండి. ఓటిమోత వచ్చిందంటే అతుకు వేసినా పాత గొంతు రాదు. దాన్ని కరిగించి మరో పాత్ర పోయాల్సిందే.

పడకుండా ఉండాలంటే చుట్టకుదురు మీద పెట్టండి. పాత చీర పేలికలతో చుట్టిన కుదురైతే మరీ మంచిది. కొన్న గిన్నెతో ఇచ్చే మెత్తకు అడుగున రబ్బరు ఉంటే తీసేయండి. రబ్బరులోని గంధకం లోహాన్ని నల్లబరుస్తుంది. ఒకదానిలో ఒకటి పేర్చేటట్లయితే మధ్య నూలు గుడ్డ వేయండి. వానాకాలంలో పాలిథిన్ సంచిలో చుట్టి ముడివేస్తే లోపలి చెమ్మ లోపలే ఉండిపోతుంది. కొత్త ప్లైవుడ్ అల్మరా కూడా అంత మంచిది కాదు, దాని వాసనలో ఆమ్లపు ఆవిర్లు ఉంటాయి. గాజులా తెల్లగా ఉండే స్ఫటిక గిన్నెల వాళ్లకు ఈ బాధలేవీ లేవు, వాటిని నీళ్లతో కడుక్కోవచ్చు. చేయి జారితే మాత్రం కరిగించడానికి కూడా ఏమీ మిగలదు.

ఇక ప్రశ్నలు అడగండి. మీ గిన్నెలు తెచ్చుకున్నవాళ్లు ఒక్కొక్కరే బల్ల దగ్గరకు రండి. తుడుచుకోవడానికి పొడి గుడ్డ ఇక్కడే పెట్టాను. ముందు చేతి ఉంగరాలు తీసి జేబులో వేసుకోండి, గీతలు పడతాయి.