పాత లారీలో డీజిల్ ఎక్కడ వృథా అవుతోంది?

నమస్కారం. నాజిళ్లు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే మొనలు) మార్పించాం, ఫిల్టర్లు మార్పించాం, అయినా లారీ మైలేజీ పెరగలేదు, కారణం ఏమిటని చాలామంది అడుగుతున్నారు. ఈ వీడియోలో ఆ ఒక్క ప్రశ్నకే పరిమితమవుతాను. ఇక్కడ చెప్పేదంతా కంప్యూటర్ లేని, మెకానికల్ పంపుతో నడిచే పాత డీజిల్ ఇంజిన్ గురించి. ఆ ఇంజిన్ కొత్తలో ఇచ్చినదానికి మించి ఇప్పుడు ఇవ్వదు కానీ, ఏళ్ల వాడకంలో కొంచెం కొంచెంగా పోగొట్టుకున్నదాన్ని చాలావరకు తిరిగి రాబట్టవచ్చు. ట్యాంకులో కలిపే ద్రావకాల మీద, డీజిల్ పైపుకు తగిలించే అయస్కాంతాల మీద నాకు నమ్మకం లేదు కనుక వాటి ఊసు మళ్లీ ఎత్తను.

పని మొదలుపెట్టే ముందు కొలత సరిగా ఉందో లేదో చూసుకోవాలి. ట్యాంకు నిండా పోయించి, తిరిగి వచ్చాక మళ్లీ నిండా పోయించి లెక్క వేయడం అందరికీ తెలిసిన పద్ధతే. అయితే లారీ కాస్త వాలులో నిలబడినా, నురుగు అణగకముందే పోయడం ఆపేసినా 5 లీటర్ల తేడా సులువుగా వస్తుంది. 50 లీటర్ల లెక్కలో ఆ తేడా 10 శాతం. 500 లీటర్ల లెక్కలో ఒక్క శాతం. అందువల్ల ఒకే దారిలో, దాదాపు ఒకే లోడుతో వెళ్లిన నాలుగైదు ట్రిప్పుల మొత్తాన్ని కలిపి చూడాలి. టైర్ల వల్ల కూడా లెక్క తప్పుతుంది. సుమారు 500 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న డ్రైవ్ టైరులో 12 మిల్లీమీటర్ల రబ్బరు అరిగితే, ఒక చుట్టులో లారీ వెళ్లే దూరం 2 శాతానికి పైగా తగ్గుతుంది. మీటరు చుట్లను మాత్రమే లెక్కిస్తుంది కనుక వెళ్లని దూరాన్ని కూడా వెళ్లినట్టు చూపిస్తుంది. కొత్త టైర్లు వేయించిన వారానికే మైలేజీ పడిపోయిందని కంగారుపడి పంపు విప్పించేవారిలో కొందరి విషయంలో మారింది ఇంజిన్ కాదు, మీటరు లెక్క.

ఇక ఇంజిన్ దగ్గరకు వద్దాం. లోడు లాగుతున్నప్పుడు సైలెన్సర్ నుంచి వచ్చే నల్లపొగ సగం కాలిన డీజిలే. అది రెండు కారణాల వల్ల రావచ్చు: డీజిల్ ఎక్కువై ఉండాలి, లేదా గాలి చాలక ఉండాలి. పొగ రంగు రెండింటికీ ఒకటే. నల్లపొగ చూడగానే నాజిళ్లు విప్పేయడం పొరపాటని నేను అనడానికి కారణం ఇదే. ఒక లీటరు డీజిల్ పూర్తిగా కాలడానికి కనీసం 10 వేల లీటర్ల గాలి కావాలి. నిజానికి డీజిల్ ఇంజిన్ అంతకన్నా ఎక్కువే పీల్చుకుంటుంది. అంత గాలి వెళ్లే దారిని వదిలేసి, చుక్కలుగా వెళ్లే డీజిల్ దారిని ముందు పట్టుకోవడంలో అర్థం లేదు.

ఎయిర్ ఫిల్టర్‌ను గాలి కొట్టి శుభ్రం చేసేటప్పుడు లోపలి నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో కొట్టాలి. లేకపోతే కాగితం చిరుగుతుంది. తర్వాత లోపల ఒక బల్బు వెలిగించి, బయటి నుంచి చూస్తే సూదిమొనంత రంధ్రం కూడా కనిపిస్తుంది. ఆ రంధ్రం వల్ల మైలేజీ ఈరోజే తగ్గదు కానీ, దుమ్ము లోపలికి వెళ్లి పిస్టన్ రింగులను, బోరును (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గోడను) అరగదీసి కొన్ని నెలల తర్వాత తగ్గిస్తుంది. టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే పరికరం) ఉన్న ఇంజిన్‌లో టర్బో దాటిన తర్వాత వచ్చే రబ్బరు హోసుల క్లిప్పుల దగ్గర నూనె మరక, దాని మీద దుమ్ము కనిపిస్తే, అక్కడి నుంచి గాలి బయటికి పోతోందని అనుమానించి సబ్బునీళ్లు పూసి చూడాలి. ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారిని ఒక పలకతో మూసి వేగం తగ్గించే బ్రేక్) ఉన్న లారీలో దాని పలక తుప్పు పట్టి పూర్తిగా తెరుచుకోకపోతే, ఇంజిన్ తన పొగను తానే బలవంతంగా నెట్టుకోవలసి వస్తుంది. ఈ పలకను చూసేవారు చాలా అరుదు.

గాలి దారి బాగుందని తేలాకే నాజిళ్లు విప్పాలి. పాత ఇంజిన్లలో నాజిల్ సాధారణంగా 200 బార్ ప్రెషర్‌కు అటూ ఇటూగా తెరుచుకునేలా అమర్చి ఉంటుంది. లోపలి స్ప్రింగు అలసిపోతే అంతకంటే తక్కువకే తెరుచుకుని, డీజిల్‌ను పొగమంచులా చిమ్మకుండా ధారగా కారుస్తుంది. అందుకే ప్రతి నాజిల్‌ను టెస్టర్ మీద పెట్టించి, ఏ ప్రెషర్‌కు తెరుచుకుంటోందో, ఆగిన తర్వాత మొన తడుస్తోందో లేదో మీ కళ్లతో చూడండి. పంపు సంగతి వేరు. బాష్ సంస్థ 1927లో వరుస ఉత్పత్తి మొదలుపెట్టిన నాటి నుంచి ఈ రకం పంపుల మూలసూత్రం మారలేదు: డీజిల్‌ను నెట్టే ప్లంజర్ అనే కడ్డీకి, అది కదిలే బ్యారెల్ అనే గొట్టానికి మధ్య కొద్ది మైక్రాన్ల సందు మాత్రమే ఉంటుంది. డీజిల్‌లో వచ్చిన నీరు, దుమ్ము ఆ సందును పెంచుతాయి కనుక ఫిల్టర్ గిన్నెలోని నీటిని క్రమం తప్పక వదిలేయాలి. పికప్ కోసమని పంపు సీలు తెంచి డీజిల్ పెంచే స్క్రూను తిప్పించినవారు, నల్లపొగ గురించి ఇంకెవరినీ అడగనవసరం లేదు.

పంపు టైమింగ్, అంటే డీజిల్ చిమ్మే సమయం, వెనక్కి జరిగితే (ఆలస్యమైతే) పిస్టన్ కిందికి దిగుతున్నప్పుడు కూడా డీజిల్ కాలుతూనే ఉంటుంది. ఆ వేడి లారీని లాగకుండా సైలెన్సర్ దారి పడుతుంది. ముందుకు జరిగితే ఇంజిన్ గట్టిగా కొట్టుకుంటుంది. ఎన్ని డిగ్రీలన్నది ఆ ఇంజిన్ తయారీదారు చెప్పిన లెక్క ప్రకారమే పెట్టించాలి. వాల్వుకు, దాన్ని తెరిచే భాగానికి మధ్య ఉండే ట్యాపెట్ గ్యాప్ కూడా అంతే. గ్యాప్ ఎక్కువైతే శబ్దం చేసి తనంతట తానే చెబుతుంది. తక్కువైతే ఏ శబ్దమూ లేకుండా వాల్వు పూర్తిగా మూసుకోక, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి) జారిపోయి, చివరికి వాల్వు కాలిపోతుంది. కనుక నిశ్శబ్దంగా ఉన్న ఇంజిన్‌కు కూడా ఫీలర్ గేజు (సందు కొలిచే పలుచని రేకులు) పెట్టించాల్సిందే.

ఇంజిన్ వేడెక్కుతోందని థర్మోస్టాట్‌ను తీసి పారేసే అలవాటు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దాని నష్టం ప్రతి కిలోమీటరులోనూ ఉంటుంది. థర్మోస్టాట్ సుమారు 80 డిగ్రీల దాకా నీటిని రేడియేటర్‌కు వెళ్లనివ్వదు. అది లేని ఇంజిన్ చల్లగానే నడుస్తుంది. ఆయిల్ చిక్కగా ఉండి రాపిడి పెరుగుతుంది, డీజిల్ సరిగా కాలదు, బోరు త్వరగా అరుగుతుంది. పైగా చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడే పక్కదారిని మూసేస్తుంది. దాన్ని తీసేస్తే వేడినీటిలో కొంత భాగం రేడియేటర్‌కు వెళ్లకుండా తిరిగి ఇంజిన్‌లోకే వస్తుంది. అంటే ఎక్కువ లోడులో వేడెక్కే జబ్బు తగ్గకపోగా పెరగనూవచ్చు. ఫ్యాన్‌ను అవసరమైనప్పుడే పూర్తి వేగంతో తిప్పే ఫ్యాన్ క్లచ్ పట్టేసి ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంతో తిరగడం కూడా ఇలాంటి నష్టమే, ఎందుకంటే ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది తినే శక్తి ఎనిమిది రెట్లవుతుంది.

బ్రేకులు పట్టేసి ఉన్నాయా, క్లచ్ జారుతోందా, టైర్లలో గాలి సరిపోయిందా అన్నవి ఇంజిన్ బయటి విషయాలు కనుక ఇక్కడ పేర్లతో సరిపెడుతున్నాను.

ఇవన్నీ సరిచేశాక కూడా మార్పు లేకపోతే, లేదా నీలిపొగ వస్తూ, ఆయిల్ పోసే మూత తీసినప్పుడు లోపలి నుంచి గాలి గట్టిగా తన్నుతుంటే కంప్రెషన్ టెస్ట్ చేయించాలి. అన్ని సిలిండర్లలోనూ తక్కువగా ఉంటే రింగులు, బోరు అయిపోయినట్టే. ఒక్కదానిలో తక్కువగా ఉంటే ముందు ఆ సిలిండర్ వాల్వులను, హెడ్ గ్యాస్కెట్‌ను చూడాలి. మొత్తం ఇంజిన్ దింపించవలసిన అవసరం రాకపోవచ్చు. ఇంజిన్ పని చేయించినా కొత్త రింగులు బోరుకు సర్దుకునే వరకు మైలేజీ నిలకడగా రాదు కనుక, మొదటి కొన్ని ట్రిప్పుల లెక్కను పుస్తకంలో వేరే పేజీలో రాసి, పాత లెక్కతో పోల్చకుండా పక్కన పెట్టండి.