పండే కాయని మొక్క, వేసవి స్ట్రాబెర్రీ

(తెరపై: మంచు కమ్మిన లంబసింగి తోట)

లంబసింగిలో స్ట్రాబెర్రీలు చలికాలంలోనే దొరుకుతాయి. చలి ఒక కారణం, పగటి నిడివి ఇంకో కారణం. పాత రకాల్లో చాలావరకు పగలు కురచైతేనే మొగ్గ తొడుగుతాయి. మరి కాలిఫోర్నియాలో నడివేసవిలోనూ కోతలు ఎలా సాగుతున్నాయి? ఆ గుణం ఒక అడవి మొక్క పెట్టిన భిక్ష. అది మగ మొక్క. ఒక్క పండైనా కాసి ఎరగదు.

(తెరపై: పాత ఓడ బొమ్మ)

అడవి స్ట్రాబెర్రీల్లో కొన్నింటికి బొప్పాయిలో లాగే ఆడ, మగ మొక్కలు వేరు. 1714లో ఫ్రెజియే అనే ఫ్రెంచి సైనిక ఇంజినీరు చిలీ తీరంలో స్పానిష్ కోటల గుట్టుమట్లు ఆరా తీసి, తిరిగివస్తూ అక్కడి పెద్ద పండ్ల మొక్కలు ఓడలో తెచ్చాడు. ఐదే బతికాయి, అన్నీ ఆడవే. పూశాయి గానీ కాయలేదు. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన వర్జీనియా జాతి పుప్పొడి తగిలాకే వాటి కడుపు పండింది. ఆ సంకరమే నేడు మనం తినే పండు. ఇంత కొద్ది మొక్కలతో మొదలైన పంటలో వైవిధ్యం ఎంతని ఉంటుంది? అందుకే కొత్త గుణం కావాలంటే మళ్లీ అడవి గడప తొక్కాలి.

(తెరపై: యూటా కొండవాలు)

1950ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త రాయిస్ బ్రింగ్‌హర్స్ట్ తొక్కింది ఆ గడపే. సాల్ట్ లేక్ సిటీ పక్కనున్న వసాచ్ కొండల్లో, పగటి నిడివిని పట్టించుకోకుండా పూసే వర్జీనియా ఉపజాతి ఆయనకు దొరికింది. అందులోని మగ మొక్క పుప్పొడిని తోట రకానికి అద్దారు. దానికీ తోట రకానికీ క్రోమోజోములు సమానంగా 56 కావడం కలిసొచ్చింది.

తొలి తరం పిల్లలు వేసవిలో పూశాయి. పండ్లు మాత్రం అడవి పోలికే: చిన్నవి, మెత్తనివి. వాటిలో వేసవి పూత ఉన్నవాటిని ఏరి, మంచి తోట రకంతో మళ్లీ కలిపారు. ఇలా కలిపిన ప్రతిసారీ అడవి రక్తం సగానికి తగ్గుతుంది. మూడు తరాల తర్వాత, 1979లో ఆప్టోస్, బ్రైటన్, హెక్కర్ అనే రకాలు విడుదలయ్యాయి. బ్రింగ్‌హర్స్ట్, ఆయన సహచరుడు విక్టర్ వోత్ కలిసి చేసిన పని ఇది. నన్నడిగితే ఇందులో అసలు ప్రతిభ పుప్పొడి అద్దడంలో లేదు, వేల మొక్కల్లోంచి ఏది పారేయాలో తెలియడంలో ఉంది.

(తెరపై: తెల్లని చిన్న పండు)

అన్ని అడవి జాతులూ ఇంత తేలిగ్గా లొంగవు. నీలగిరుల పేరు పెట్టుకున్న ఫ్రగేరియా నీల్గెరెన్సిస్‌నే చూడండి. పండు తెలుపు, వాసన పీచ్ పండుది. దాని క్రోమోజోములు 14 మాత్రమే. 56 ఉన్న తోట రకంతో కలిపితే, రెండింటి నుంచీ చెరి సగం (7, 28) చేరి, పుట్టే మొక్కకు 35 వస్తాయి. బేసి లెక్క, జతలు కుదరవు, అందుకే గొడ్డు మొక్క. జపాన్ శాస్త్రవేత్తలు కాల్చిసిన్ అనే మందుతో ఆ 35ను 70 చేసి, మొక్కకు సంతాన శక్తి తెప్పించారు. ఆ దారిలో వచ్చిందే టోకున్ అనే రకం. లేత గులాబీ రంగు చూసి పచ్చిదనుకుని పక్కన పెట్టేరు, అది పండిన పండే.