మన డాక్టర్ల పేపర్లు పబ్‌మెడ్‌లో పట్టుకోవడం, అక్కడ్నుంచి ఓపీ గోడ మీద పోస్టర్ దాకా

నమస్తే అండి, స్క్రీన్ కనిపిస్తోంది కదా, మొదలెట్టేద్దాం. ఈ వీడియో మెడికల్ కాలేజీ లైబ్రరీల్లో, టీచింగ్ హాస్పిటల్ లైబ్రరీల్లో పని చేసేవాళ్ళ కోసం. ఎన్‌ఎంసీ, అంటే నేషనల్ మెడికల్ కమిషన్, ఇన్‌స్పెక్షన్ అనగానే మనకి ఫోన్ వస్తుంది చూడండి, "ఏవండీ, ఫ్యాకల్టీ పబ్లికేషన్ల లిస్టు సాయంత్రంలోపు ఇచ్చేయండి" అని, ఆ లిస్టు సంగతే. అది ఒక పూటలో తయారయ్యేది కాదండి, ఏడాది పొడుగునా దానంతట అదే పెరుగుతూ ఉండాలి. ఆ లిస్టులోంచే టీబీ డే పోస్టర్ కూడా లాగుదాం. ఎందుకంటే చాలా చోట్ల ఈ రెండూ ఒకదానికొకటి సంబంధం లేనట్టు నడుస్తాయి, పోస్టర్‌కి గూగుల్‌లో దొరికిన ఊపిరితిత్తుల బొమ్మ ఒకటి వేసేస్తారు, అదే బిల్డింగ్‌లో పైఅంతస్తులో పల్మనాలజీ వాళ్ళు టీబీ మీద పేపర్ రాసి ఉంటారు, ఆ సంగతి కింద ఎవరికీ తెలీదు.

సరే, పబ్‌మెడ్, అదేనండి మెడికల్ పేపర్లు ఫ్రీగా వెతుక్కునే సైట్, ఓపెన్ చేశా. పైన కుడివైపు లాగిన్, ఇదిగో, గూగుల్ అకౌంట్‌తో అయిపోయింది. విడిగా పాస్‌వర్డ్ పెట్టుకునే పద్ధతి 2021లోనే తీసేశారు. ఒక్క మాట, మీ సొంత జీమెయిల్ వాడకండి, లైబ్రరీ పేరు మీద ఒకటి క్రియేట్ చేసి అది వాడండి, లేదంటే రేపు మీకు ట్రాన్స్‌ఫర్ అయితే కొత్త పేపర్ల గురించి వచ్చే అలర్ట్ మెయిల్స్ అన్నీ మీ వెనకే వేరే జిల్లాకి వచ్చేస్తాయి.

ఇప్పుడు సెర్చ్. ఇక్కడ కాసేపు ఆగుదాం, మిగతాదంతా బటన్లు నొక్కడమే, అసలు పని ఈ ఒక్క లైన్‌లోనే ఉంది. నన్ను బాగా తిప్పలు పెట్టింది కూడా ఇదే.

డెమోకి విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీ తీసుకుందాం, 1923 నాటి కాలేజీ, దాని హాస్పిటల్ కేజీహెచ్, కింగ్ జార్జ్ హాస్పిటల్. కాలేజీ పేరు కోట్స్‌లో కొట్టి, పక్కనే స్క్వేర్ బ్రాకెట్‌లో ఏ, డీ. ఏడీ అంటే అఫిలియేషన్, ఆథర్ పని చేసే చోటు. ఎంటర్. వచ్చాయి, బానే ఉన్నాయి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, కానీ ఇవి కొన్నే, ఎందుకంటే డాక్టర్లు అందరూ కాలేజీ పేరే రాయాలని రూలేం లేదు కదా. ఒకరు కాలేజీ పేరు రాస్తారు, ఇంకొకరు కింగ్ జార్జ్ హాస్పిటల్ అని ఊరుకుంటారు, ఒకరు ఏఎంసీ అని పొట్టి పేరు పెడతారు. కాబట్టి హాస్పిటల్ పేరు కూడా కలపాలి, మధ్యలో ఆర్ అని, అంటే ఇంగ్లీష్‌లో 'లేదా' అనే OR, అది క్యాపిటల్ లెటర్స్‌లోనే కొట్టాలండోయ్, చిన్న అక్షరాల్లో కొడితే దాన్ని ఆపరేటర్‌గా తీసుకోదు.

ఎంటర్ కొట్టా, చూడండి ఏమైందో. లండన్ పక్కన కూడా ఒక కింగ్ జార్జ్ హాస్పిటల్ ఉంది, వాళ్ళ పేపర్లన్నీ వచ్చి కూర్చున్నాయి. ఇది విశాఖ తలనొప్పి ఒక్కటే కాదు, గాంధీ మెడికల్ కాలేజీ సికింద్రాబాద్‌లో ఉంది, భోపాల్‌లోనూ ఉంది. నిమ్స్ అంటే మనకి పంజాగుట్ట, జైపూర్ వాళ్ళకి జైపూర్‌లో ఇంకోటి. సో ఊరి పేరు పెట్టాల్సిందే. కానీ ఊరి పేరు ఇంగ్లీష్‌లో ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలుసు కదా, విశాఖకి ఎస్ తర్వాత హెచ్ పెట్టేవాళ్ళు, పెట్టనివాళ్ళు, కె తర్వాత హెచ్ తినేసేవాళ్ళు, ఇవేవీ కాకుండా వైజాగ్ అనేవాళ్ళు. దానికి స్టార్ గుర్తు ఉంది, మొదటి కొన్ని అక్షరాలు కొట్టి స్టార్ పెడితే మిగతాది అది చూసుకుంటుంది, కనీసం నాలుగు అక్షరాలు ఉండాలి. ఇదిగో, రెండు స్పెల్లింగ్‌లకి రెండు స్టార్‌లు, ఒక వైజాగ్, అన్నీ ఒక బ్రాకెట్‌లో.

ఇంకా అయిపోలేదు. హాస్పిటల్ పేరు, యాండ్, ఊరి పేరు అని పెట్టామంటే ఆ రెండూ ఒకే ఆథర్‌వి కానక్కర్లేదు. లండన్ డాక్టర్ ఒకరు, విశాఖలో వేరే ఏదో సంస్థలో ఉన్న డాక్టర్ ఒకరు కలిసి రాసిన పేపర్ కూడా దర్జాగా వచ్చేస్తుంది. దీనికి మందు 2022 చివర్లో వచ్చిన ప్రాక్సిమిటీ సెర్చ్. కోట్స్‌లో కింగ్ జార్జ్ విశాఖపట్నం అని మూడు మాటలు, బ్రాకెట్‌లో ఏడీ, కోలన్, టిల్డే, అదేనండి ఎస్కేప్ కింద ఉండే వంకర గీత, తర్వాత ఒక నంబర్, నేను 8 పెడుతున్నా. అంటే ఆ మాటలు దగ్గర దగ్గరగా ఉంటేనే తీసుకుంటుంది, మధ్యలో ఇంతకంటే ఎక్కువ మాటలు అడ్డం రాకూడదని. చిక్కేంటంటే ఇందులో స్టార్ పని చేయదు, కాబట్టి ఒక్కో స్పెల్లింగ్‌కి ఒక్కో ముక్క విడిగా రాసి ఆర్‌లతో కలుపుకోవాల్సిందే. లైన్ పొడుగవుతుంది, అవనివ్వండి, ఒక్కసారి పడే కష్టమే. నేనైతే దీన్ని నోట్‌ప్యాడ్‌లో రాసుకుని పేస్ట్ చేస్తా, వర్డ్‌లో రాస్తే కోట్స్ వంకర కోట్స్ అయిపోతాయి, నాకదో చిరాకు.

ఇంకో రెండు విషయాలు, వేగంగా. రాష్ట్రం పేరు మాత్రం పెట్టకండి, ముఖ్యంగా హైదరాబాద్ వాళ్ళు, 2014 జూన్‌కి ముందు పేపర్లలో ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది, ఇప్పుడు తెలంగాణ. ఇక పాత పేపర్లు తక్కువ వస్తున్నాయేంటి అని కంగారు పడకండి, 2014కి ముందు పబ్‌మెడ్‌లో మొదటి ఆథర్ అడ్రస్ ఒక్కటే ఎక్కించేవాళ్ళు, మన డాక్టర్ గారు మూడో పేరుగా ఉంటే ఈ సెర్చ్‌కి దొరకరు. ఆ పాతవాటికి, పబ్‌మెడ్‌లో లేని జర్నల్స్‌కి డిపార్ట్‌మెంట్లకి ఒక గూగుల్ ఫామ్ పంపించడమే దారి. పంపిస్తే నింపుతారా అంటే, ప్రమోషన్‌కి అప్లై చేసేవాళ్ళు గబగబా నింపుతారు, మిగతావాళ్ళని పీజీల ద్వారా పట్టుకోవాలి.

లైన్ రెడీ. సెర్చ్ బాక్స్ కింద క్రియేట్ అలర్ట్, పేరు పెట్టాం, వారానికోసారి, సోమవారం, సేవ్. అంతే.

ఇప్పటిదాకా వచ్చినవి జొటేరోలోకి, అంటే పేపర్ల వివరాలు దాచుకునే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లోకి. సెండ్ టు, సైటేషన్ మేనేజర్, ఆల్ రిజల్ట్స్, ఫైల్ దిగింది, జొటేరోలో ఫైల్ మెనూ, ఇంపోర్ట్ అని దాన్ని ఇచ్చేయడమే. ఎక్సెల్ చాలదా అని అడుగుతారు, లిస్టు వరకూ చాలు, కానీ ప్రిన్సిపల్ గారు రిఫరెన్సులు వాంకూవర్ స్టైల్‌లో కావాలంటారు, ఇంకెవరో ఏపీఏ స్టైల్‌లో అంటారు, ఇక్కడ అన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్, స్టైల్ మార్చి ఇచ్చేయొచ్చు. డిపార్ట్‌మెంట్ పేరుతో ట్యాగ్ పెట్టుకోండి. పీడీఎఫ్‌లు మాత్రం ఇందులో కుక్కకండి, వివరాలకి లిమిట్ లేదు కానీ ఫైళ్ళకి ఫ్రీగా ఇచ్చేది 300 ఎంబీయే.

పీడీఎఫ్ అన్నాను కాబట్టి, పేపర్ మన డాక్టర్ రాసిందే కదా అని కాలేజీ వెబ్‌సైట్‌లో ఎక్కించేయకండి. చాలా జర్నల్స్‌లో హక్కులు పబ్లిషర్ చేతికి వెళ్ళిపోయి ఉంటాయి. మొదటి పేజీ అడుగున చూడండి, క్రియేటివ్ కామన్స్ అని, అంటే పంచుకోనిచ్చే లైసెన్స్, ఉంటే దాని షరతుల ప్రకారం పంచుకోవచ్చు, లేకపోతే డీఓఐ లింక్, అంటే ఆ పేపర్‌కి ఉండే శాశ్వత లింక్, ఇవ్వండి చాలు, లింక్ ఇస్తే ఎవరూ ఏమీ అనరు.

ఇప్పుడు పోస్టర్. మార్చి 24 టీబీ డే, 1882లో ఆ రోజే రాబర్ట్ కాక్ టీబీ క్రిమిని కనిపెట్టినట్టు ప్రకటించారు. ఫిబ్రవరిలోనే మొదలెట్టండి. జొటేరోలో టీబీ అని వెతికా, ఇవి వచ్చాయి. ఒకటి ఎంచుకోండి, కేస్ రిపోర్ట్, అంటే ఒక పేషెంట్ గురించి రాసిన పేపర్, అయితే వద్దు, అందులో పేషెంట్ ఫోటో, వివరాలు ఉంటాయి, జర్నల్‌లో వేయడానికి ఒప్పుకున్నారు కానీ ఓపీ గోడ మీదకి ఒప్పుకోలేదు కదా. ఆ డాక్టర్ దగ్గరికి వెళ్ళి, "సార్, మీరు తేల్చిన విషయం రెండు వాక్యాల్లో తెలుగులో చెప్పండి, మీ పేషెంట్‌కి చెప్పినట్టు చెప్పండి" అని అడగండి. మనం సొంతంగా రాయకూడదు, రాసినా ఆయనకి చూపించకుండా ప్రింట్‌కి పంపకూడదు.

పాత టెంప్లేట్ వాడేటప్పుడు జాగ్రత్త. ఇదిగో ఇది పాతది, నిక్షయ్ పోషణ్, అంటే టీబీ పేషెంట్లకి తిండి కోసం ప్రభుత్వం డబ్బులిచ్చే పథకం, కింద నెలకి 500 రూపాయలు అని ఉంది, 2024 నవంబర్ నుంచి అది 1000 అయింది. తేదీ ఒక్కటి మార్చి వేసేస్తే పేషెంట్‌కి తప్పు చెప్పినట్టే. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోవాలి, పరీక్ష ఫ్రీ, మందులు ఫ్రీ, ఇవి పెద్ద అక్షరాల్లో పెట్టి, మన డాక్టర్ మాట కింద పెట్టండి.

తెలుగు టైపింగ్ యూనికోడ్‌లోనే, అంటే ఫోన్లలో, వెబ్‌సైట్లలో కూడా సరిగ్గా కనిపించే పద్ధతిలో చేయండి, డీటీపీ వాళ్ళు అను ఫాంట్‌లో కొట్టిస్తే ప్రింట్ బ్రహ్మాండంగా వస్తుంది కానీ అదే మ్యాటర్ వాట్సాప్‌లో పెడితే గజిబిజి. పోస్టర్ చేసే కాన్వా సైట్‌లో నోటో సాన్స్ తెలుగు ఫాంట్ పెట్టా, ఒత్తులు సరిగ్గా కూర్చున్నాయి.

క్యూఆర్ కోడ్ రెండు పెట్టండి. ఓపీ పోస్టర్ మీద కోడ్ తెలుగు పేజీకి వెళ్ళాలి, ఇంగ్లీష్ పేపర్‌కి తీసుకెళ్తే ఎవరికి లాభం. డ్యూటీ రూమ్‌లో పెట్టే కాపీ మీద మాత్రం పేపర్ లింక్ పెట్టండి. ఫ్రీ క్యూఆర్ సైట్లు ఎందుకండీ, కొన్ని మధ్యలో తమ లింక్ దూర్చి కొన్నాళ్ళకి ఆపేస్తాయి. క్రోమ్‌లో ఆ పేజీ మీద రైట్ క్లిక్ కొడితేనే క్యూఆర్ ఆప్షన్ ఉంది, ఇదిగో, మధ్యలో ఆ డైనోసార్ బొమ్మ వస్తుంది, అదొక్కటే.

ప్రింట్ తీసే ముందు ఏ4 కాగితం మీద ఒకటి తీసి, గోడకి అంటించి, నాలుగడుగుల దూరం నుంచి ఒక మామూలు ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి. సెర్చ్ లైన్ మొత్తం డిస్క్రిప్షన్‌లో పెట్టాను, మీ కాలేజీ పేరు, మీ ఊరి స్పెల్లింగ్‌లు మార్చుకుని పేస్ట్ చేసుకోండి.