పురిటి సంచి ఎక్కడుంది?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ ముందు మాట్లాడినవారు చెప్పారు, నేను మళ్లీ చెప్పి మీ సమయం తీసుకోను. ఈ రోజు ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి గారు 1863లో ఇదే రోజున పుట్టారు. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్లో, మన పర్లాకిమిడిలో, ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నేను భాషా పండితురాలిని కాను. 1988లో, అంటే ఒడిశాలో ఈ గజపతి జిల్లా పుట్టడానికి నాలుగేళ్ల ముందు నర్సుగా ఉద్యోగంలో చేరాను, 2019లో దిగిపోయాను. కాబట్టి నాకు తెలిసిన దారిలోనే ఆయన దగ్గరికి వెళతాను. ఆ దారి పురిటి గదిలోంచి పోతుంది.

గిడుగు వారు కొండల మీది సవరల మాట తనకు అర్థం కావడం లేదని ఊరుకోలేదు. ఆ భాష తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకున్నారు. దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. ఎదుటి మనిషి ఏం చెబుతున్నాడో తెలియాలన్న ఆరాటం అది. ఆ ఆరాటం ఎక్కడ అవసరమో నేను ముప్పై ఏళ్లు కళ్లారా చూశాను. మన ఆసుపత్రుల్లో పురిటి గదిలో మూడు భాషలు ఒకేసారి వినిపిస్తాయి. డాక్టరు ఒడియాలో అడుగుతారు, ఒక మంచం మీద అమ్మాయి తెలుగులో ఏడుస్తుంది, పక్క మంచం మీద ఆమె సవరలో తల్లిని పిలుస్తుంది. నొప్పులు ముదిరాక ఎంత చదువుకున్న పిల్లకైనా నేర్చుకున్న భాష నోటికి రాదు, అమ్మ భాషే వస్తుంది. "ఉమ్మనీరు పోయింది" అని తెలుగులో అరిస్తే, కటక్ వైపు నుంచి అప్పుడే బదిలీ మీద వచ్చిన నర్సుకు ఏం తెలుస్తుంది? ఆ పిల్ల బదులు మాట్లాడవలసింది ఆమె వెంట వచ్చిన సంచి. అందులోని కాగితాలు. అందుకే ఈ సభలో అడుగుతున్నాను: మీ ఇంట్లో నెలలు నిండుతున్న పిల్ల ఉంటే, సంచి ఎక్కడుంది?

మన సరిహద్దు ఊళ్ల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రలోని పాతపట్నం. పిల్లను అటు ఇస్తాం, కోడలిని ఇటు తెచ్చుకుంటాం. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలంటాం. నెలనెలా పరీక్షలు ఒక రాష్ట్రంలో, కాన్పు ఇంకో రాష్ట్రంలో. ఇటు ఇచ్చే తల్లీబిడ్డల కార్డు ఒడియా లిపిలో ఉంటుంది, అటు నర్సుకు ఆ లిపి రాదు. అటు నుంచి తెచ్చిన తెలుగు కార్డు ఇక్కడ చదవలేరు. అసలు కార్డే రాకపోతే?

మా చెల్లెలి కూతురి సంగతి చెబుతాను. ఈ ఊళ్లో కొందరికి తెలుసు. తెలిసినవాళ్లు కూడా దయచేసి మళ్లీ వినండి.

చెల్లెలు పోయాక ఆ పిల్లకు పుట్టిల్లు మా ఇల్లే. అత్తవారిది టెక్కలి దగ్గర పల్లె. 2013 వానాకాలంలో ఎనిమిదో నెల చివర పురిటికి మా ఇంటికి వచ్చింది. వచ్చిన రోజే కార్డు ఎక్కడని అడిగాను. "సంచిలోనే ఉంది పెద్దమ్మా" అంది. ఆదివారం తీరిగ్గా చూద్దాం అనుకున్నాను. ఊరూరా తిరిగి "ఏడో నెల దాటగానే సంచి సర్దండమ్మా" అని చెప్పిన మనిషిని, మా ఇంట్లో మాత్రం సర్దలేదు. సర్దబోతే మా అమ్మ అడ్డం కూర్చుంది. "పుట్టని బిడ్డకు పొత్తిగుడ్డలు సర్దుతావా?" అంది. నా ముందు పుట్టిన ఇద్దరు పురిట్లోనే పోయారు ఆమెకు. తర్వాత కడుపున పుట్టిన చిన్న కూతురూ పోయింది. ఆ భయాన్ని మూఢనమ్మకం అని నేను కొట్టిపారేయలేకపోయాను. ఆదివారం చూద్దాంలే అనుకున్నాను.

శుక్రవారం రాత్రి ఉమ్మనీరు పోయింది. 36వ వారం. బయట కుండపోత. చేతికి అందినవి సంచిలో కుక్కాను. చీటీ కూడా తియ్యని కొత్త నైటీలు రెండు, గంజి వదలని కొత్త తువ్వాలు ఒకటి, మూత లేని ఫ్లాస్కు, దేవుడి గదిలోని విభూతి పొట్లం. కార్డు లేదు. సంచి మొత్తం మంచం మీద బోర్లించి చూశాం, లేదు. అది టెక్కలి దగ్గర అత్తవారింట్లో, బీరువాలో చీరల కింద ఉంది. అల్లుడు రాత్రి డ్యూటీలో ఉన్నాడు, ఫోను ఎత్తలేదు.

ఆసుపత్రిలో మొదటి ప్రశ్న, కార్డు ఏది? రెండో ప్రశ్న, రక్తం గ్రూపు ఏది? పిల్ల 'బి' అంది. పాజిటివా నెగటివా అంటే తెలియదంది. రక్తం తీసి పంపారు. ఆ రాత్రి పరీక్ష గదిలో ఉన్నది ఒక్క మనిషి, ముందు వరుసలో వేరే రోగులున్నారు.

తెల్లవారుజామున బిడ్డ పుట్టింది. రెండుంబావు కిలోలు కూడా లేదు. పుట్టిన బిడ్డకు రెండు గుడ్డలు కావాలి, గుర్తుపెట్టుకోండి. ఒక గుడ్డతో ఒళ్లంతా తుడుస్తారు, తడిసిన ఆ గుడ్డను తీసేస్తారు, పొడిగా ఉన్న రెండో గుడ్డలో చుట్టి తల్లి గుండెకు ఆనిస్తారు. తడి గుడ్డలోనే ఉంచితే నిమిషాల్లో బిడ్డ ఒళ్లు చల్లబడిపోతుంది, నెలలు నిండని బిడ్డకు అది ప్రాణం మీదికే వస్తుంది. నా సంచిలో ఉన్నది గంజితో అట్ట కట్టిన తువ్వాలు. అది నీళ్లు పీల్చదు, ఒంటికి చుట్టుకోదు.

పక్క మంచం దగ్గర ఒక సవర ముసలామె, కూతురి పురిటికి కొండ మీది నుంచి వచ్చింది, కూర్చుని అంతా చూస్తోంది. తన గుడ్డ సంచి ముడి విప్పింది. లోపల పాలిథీన్ కవరు. అందులో పాత నూలు చీర ముక్కలు, ఒకే కొలతకు చింపి, అంచులు చేత్తో కుట్టి, నాలుగు మడతలు పెట్టి ఉన్నాయి. ఆ కొండ ఊరి ఆశా కార్యకర్త చెప్పి సర్దించి ఉంటుంది. రెండు ముక్కలు తీసి నా చేతిలో పెట్టింది. నీలం అంచు తెల్ల చీర. ఎన్నిసార్లు ఉతికారో, వెన్నలా ఉంది. ఎండ వాసన, దానితో పాటు పొయ్యి పొగ వాసన. వాటిలోనే మా మనవరాలు వెచ్చగా పడుకుంది.

నేను ఒడియాలో ఏదో అన్నాను. ఆమెకు ఒడియా రాదు. పాతికేళ్లలో నాకు సవర మాటలు కొన్ని పట్టుబడ్డాయి: నొప్పి, నీళ్లు, ఎన్నో నెల, ఎక్కడ. నర్సుకు పనికి వచ్చే మాటలు. కృతజ్ఞత చెప్పడానికి ఒక్క మాట రాదు. ఆమె రెండు చేతులూ పట్టుకుని నిలబడిపోయాను. గిడుగు వారి ఊళ్లో పుట్టి పెరిగిన దాన్ని.

అంతటితో అయిపోలేదు. మాయ పడ్డాక నెత్తురు ఆగలేదు. అప్పుడు వచ్చింది కాగితం: బి నెగటివ్. మన దేశంలో నెగటివ్ రక్తం ఎంత అరుదో ఇక్కడున్న డాక్టర్లకు తెలుసు. కార్డు ఉన్నా రక్తం ఎక్కించే ముందు పరీక్ష మళ్లీ చేస్తారు, చేయాలి కూడా. కానీ గ్రూపు తెలిసి ఉంటే రాత్రి తొమ్మిదింటికే దాతలను పిలిచి కూర్చోబెట్టేదాన్ని. తెల్లవారుజామున ఇంటింటి తలుపూ కొట్టాను. చివరికి దొరికింది. పిల్ల బతికింది. బిడ్డది పాజిటివ్ అని తేలడంతో తల్లికి 72 గంటల్లోపు ఇవ్వవలసిన సూది కూడా ఇప్పించాం. అది ఇవ్వకపోతే మరుసటి కాన్పులో బిడ్డకు ప్రమాదం. అయినా ఆ గంటంబావు నేను ఆ వరండాలో ఎలా తిరిగానో ఈ రోజుకీ నిద్రలో వస్తుంది.

భాష మీద ప్రసంగం అని చెప్పి ఇదేమిటని నిర్వాహకులు చూస్తున్నారు. ఇంకొంచెం ఓపిక పట్టండి బాబూ.

సంచిలో అన్నిటికన్నా పైన ఉండవలసింది కాగితాల కవరు. తల్లీబిడ్డల కార్డు, స్కానింగు, రక్త పరీక్ష, సికిల్ సెల్ అనే రక్తం జబ్బు పరీక్ష కాగితం. మన దక్షిణ ఒడిశాలో ఆ జబ్బు ఎక్కువ, మరిచిపోకండి. ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం. వీటితో పాటు ఒక తెల్ల కాగితం మీద తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో రాయించండి: రక్తం గ్రూపు, కాన్పు తేదీ, పడని మందులు, పాత ఆపరేషన్లు, రెండు ఫోను నంబర్లు. మూడు భాషలు తెలిసిన పిల్లలు ఈ ఊళ్లో ప్రతి ఇంట్లో ఉన్నారు. తెలుగు భాషా దినోత్సవం నాడు ఆ పిల్లలతో చేయించవలసిన వ్యాసరచన ఇదే అంటాను నేను.

బట్టలంటారా, తల్లికి ముందు గుండీలున్న నైటీలు, నాడా లంగాలు, పెద్ద ప్యాడ్లు, చెప్పులు, దుప్పటి. బిడ్డకు పాత నూలు గుడ్డలు పది, టోపీ, మేజోళ్లు. గుడ్డలను వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఒక్కటి గట్టిగా చెబుతున్నాను: కలరా ఉండలు వేసిన పెట్టెలోంచి తీసిన గుడ్డ పసిబిడ్డకు చుట్టకండి. కొందరు పిల్లల రక్తం ఆ వాసనకు విరిగిపోతుంది, కామెర్లు ముదురుతాయి. తల్లి గోళ్లకు రంగు ఉంటే చెరిపి పంపండి, వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే పరికరం తప్పు చూపవచ్చు. నగలు ఇంట్లోనే పెట్టండి. తేనె, ఆముదం, పాలసీసా సంచిలో పెట్టవద్దు. బిడ్డ నోట్లో మొదట పడవలసింది ముర్రుపాలు, అదీ గంటలోపే. స్నానానికి తొందర లేదు, ఒక రోజైనా ఆగండి.

డబ్బు గురించి భయపడకండి. 2011 నుంచి సర్కారు ఆసుపత్రిలో మామూలు కాన్పు అయినా ఆపరేషన్ అయినా ఉచితం. మందులు, రక్తం ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజులు భోజనం పెట్టాలి. ఇంటి నుంచి తీసుకువెళ్లడం, తిరిగి దించడం కూడా వాళ్ల పనే, 102కు ఫోను చేయండి. కొండ ఊళ్ల వాళ్లయితే కాన్పు తేదీకి వారం పది రోజుల ముందే వచ్చి, గర్భిణుల కోసం సర్కారు నడిపే 'మా గృహ'లో ఉండవచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు దారులూ పోయాయి, ఫోన్లూ పోయాయి, కరెంటూ పోయింది. అప్పుడు నొప్పులు వచ్చినవాళ్లను అడగండి, ముందే సర్దుకోవడం అంటే ఏమిటో చెబుతారు. టార్చి లైటు కూడా పెట్టండి.

వెనుక వరుసలో మగవాళ్లు లేస్తున్నారు. కూర్చోండి నాయనా, ఇది ఆడవాళ్ల కబురు కాదు. ఆ రాత్రి కార్డు ఉన్న బీరువా గురించి తెలిసింది ఒక్క భర్తకే. మీ భార్య రక్తం గ్రూపు ఏమిటి? ఇప్పుడు, ఇక్కడ, చెప్పగలరా? చేతులెత్తండి. నలుగురు. ఇంత సభలో నలుగురు. బండి తాళం ఎక్కడుందో అందరికీ తెలుసు. సంచి ఎక్కడుంది?

ఇక అమ్మమ్మలూ, నాయనమ్మలూ, మీతో ఒక మాట. మా అమ్మకు తర్వాత నేను చెప్పిన మాటే మీకూ చెబుతాను. పుట్టని బిడ్డకు కొత్త బట్ట కొనకూడదంటారు. సరే, కొనవద్దు. పుట్టిన బిడ్డకు మొదట పెద్దల పాత బట్టే చుట్టాలనీ మీరే అంటారు కదా. అయితే మీ పాత చీర మీ చేత్తోనే చింపి మడత పెట్టి ఇవ్వండి. ఆ సంచి బిడ్డకని అనుకోవద్దు, మీ కూతురికని అనుకోండి. మా అమ్మ ఆ తర్వాత మా వీధిలో ఏడుగురు పిల్లలకు అలా సర్ది ఇచ్చింది. చివరి సంచికి చూపు ఆనక సూదిలో దారం నేను ఎక్కించాను.

ఆ సవర అవ్వను వెతికాను. మేము ఇల్లు చేరాక మళ్లీ ఆసుపత్రికి వెళితే అప్పటికే కూతురినీ మనవడినీ తీసుకుని వెళ్లిపోయింది. ఆసుపత్రి రిజిస్టరులో చేతి రాతలో ఉన్న ఊరి పేరు చూసి అక్కడికీ వెళ్లాను, ఆ పేరుతో రెండు ఊళ్లున్నాయి, రెండింట్లోనూ దొరకలేదు. ఆమె ఇచ్చిన ముక్కల్లో ఒకటి నా దగ్గరే ఉంది. ఇదిగో. ముందు వరుస వాళ్లు పట్టుకుని చూసి వెనక్కి అందించండి. ఎంత మెత్తగా ఉండాలో నేను నోటితో చెప్పలేను, చేతికి తెలియాలి. మళ్లీ నాకు చేరేలా చూడండి.

ఆ పక్క బల్ల మీద పాత చీరలు, కత్తెర, సూదీ దారం తెచ్చి పెట్టాను. మూడు భాషల్లో రాయడానికి కాలేజీ పిల్లలు ముగ్గురు కూర్చున్నారు. టీ ఇచ్చేలోగా ఎనిమిదో నెల దాటినవాళ్లు ముందు రండి. కార్డు తెచ్చుకోనివాళ్లు ఇంటికి ఫోను చేసి, అది ఎక్కడుందో ఇప్పుడే కనుక్కోండి.