తండ్రి లేని మగ కందిరీగలు
(కర్నూలులో జంతుశాస్త్ర విద్యార్థులు, పత్తి రైతుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చిన రైతులకు ట్రైకో కార్డులు కొత్త కాదు. ట్రైకోగ్రామా కందిరీగ పిల్లలు లోపల పెరుగుతున్న బియ్యపు చిమ్మట గుడ్లను అంటించిన అట్టలే ఇవి. ఒక సీసీ (ఘన సెంటీమీటరు) గుడ్ల కార్డు మీద సుమారు 20 వేల గుడ్లు ఉంటాయి. వాటిలోంచి వచ్చే ట్రైకోగ్రామా కందిరీగ అర మిల్లీమీటరు ఉంటే ఎక్కువ. కాయతొలుచు పురుగు గుడ్డులోనే ఇది తన గుడ్డు పెడుతుంది. పురుగు పుట్టకముందే పని ముగుస్తుంది.

కార్డు కట్టాక మందు కొడితే ముందు చచ్చేది ఈ కందిరీగే. కాయతొలిచే ఆ పచ్చపురుగు ఎన్నో మందులకు అలవాటుపడింది, దీనికి ఆ శక్తి ఎందుకు రాలేదు? ఒక కారణం ఆకలి. మందుకు తట్టుకుని మిగిలిన నాలుగు పురుగులకు చేనంతా మేతే. మిగిలిన నాలుగు కందిరీగలకు మాత్రం గుడ్లు పెట్టడానికి పురుగు గుడ్లే దొరకవు. తట్టుకునే జన్యువు ఉన్నా అది తర్వాతి తరానికి చేరదు.

విచిత్రం ఏమిటంటే, జన్యుశాస్త్రం లెక్కన ఇవి త్వరగా మారవలసినవి. కందిరీగల్లో ఫలదీకరణ జరిగిన గుడ్డు ఆడది అవుతుంది, జరగనిది మగది. అంటే మగదానికి తండ్రి లేడు. ప్రతి జన్యువూ ఒకే ప్రతి. ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుండే మనలాంటి ద్వయస్థితిక జీవుల్లో అంతర్గత జన్యువు, అంటే ఒక్క ప్రతే ఉంటే ప్రభావం బయటపడనిది, రెండో ప్రతి చాటున దాక్కుంటుంది. ఒకే ప్రతి ఉండే ఏకస్థితిక మగదానిలో ఆ చాటు లేదు. మందు తగలగానే ఆ జన్యువు ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది.

గోదాముల్లో ధాన్యపు పురుగుల మీద బతికే అనైసోప్టెరోమలస్ కలాండ్రే అనే కందిరీగకు అమెరికాలో మలాథియాన్ అనే పురుగుమందును తట్టుకునే శక్తి వచ్చింది. ఆ మందును విరగ్గొట్టే కార్బాక్సిలెస్టరేజ్ ఎంజైమ్ అందుకు ఆధారం. అయితే అది మలాథియాన్‌కే. మందు మారిస్తే ఆ కవచం పెద్దగా పనికిరాదు.

మన దగ్గరి కథ ఇంకా చేదు. బెంగళూరులోని జీవనియంత్రణ ప్రాజెక్టు డైరెక్టరేట్ శాస్త్రవేత్తలు తరాల తరబడి ఎంపిక చేసి, ఎండోసల్ఫాన్ అనే పురుగుమందును తట్టుకునే ట్రైకోగ్రామా కైలోనిస్ రకాన్ని తయారు చేశారు. పేరు ఎండోగ్రామ్. 2011 మేలో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌నే నిషేధించింది. నిషేధం సరైనదే, నాకు అందులో సందేహం లేదు. కానీ ఒక్క మందును నమ్ముకుని కందిరీగను తీర్చిదిద్దితే, ఆ మందు పోయిన రోజున చేతిలో మిగిలేది మామూలు కందిరీగే. అందుకే పలు మందులను తట్టుకునే రకాల మీద శ్రమ పెట్టడం మేలని నా అభిప్రాయం.

విద్యార్థులకు ఒక పని చెబుతాను. కార్డు మీది గుడ్లను ఒక్కో గాజు గొట్టంలో ఒక్కొక్కటిగా వేరు చేయండి. అప్పుడు ఆడవి మగవాటిని కలవలేవు. మందు పూత ఆరిన గొట్టంలో ఆ ఆడవాటిని వదిలి, బతికినవాటితో గుడ్లు పెట్టించండి. పుట్టేవన్నీ మగవే. వాటికీ అదే మందు చూపించండి. తట్టుకునే శక్తి ఒక్క జన్యువుదే అయితే, తల్లిలో అది ఒక ప్రతిలోనే ఉన్నప్పుడు కొడుకుల్లో సుమారు సగం చస్తాయి. రెండు ప్రతుల్లోనూ ఉంటే దాదాపు అన్నీ బతుకుతాయి.